పిచికారీ పంపు – పేటెంటు పరీక్ష

 

పురుగుమందు చల్లే పిచికారీ పంపు కొనబోయినప్పుడు దుకాణదారు ఒక్కొక్కసారి, "ఇది పేటెంటు సరుకండీ, ధర కాస్త యెక్కువే" అంటాడు. ఆ మాట వినగానే మనలో చాలామంది, ప్రభుత్వంవారు ఈ పంపును పరీక్షించి, బాగున్నదని ముద్ర వేసి వుంటారు గదా అనుకుంటాము. అది పొరపాటు. పేటెంటు కార్యాలయంవారు పంపులో నీళ్లు పోసి చూడరు. పురుగు చచ్చిందో లేదో చేనులోకి వచ్చి చూడరు. నాణ్యత సంగతి చెప్పేది ఐ.ఎస్.ఐ. గుర్తు. పేటెంటు పరీక్షలో అడిగే ముఖ్యమైన ప్రశ్న వేరు. "ఇందులో కొత్తది యేమిటి? ఆ కొత్తది పనితెలిసిన మామూలు మనిషికి తోచేదేనా, లేక అంతకు మించిన ఆలోచన యేదైనా వున్నదా?" ఇదీ ఆ ప్రశ్న.

ఈ ప్రశ్నతో మనకేమి పని అంటారా? పేటెంటు అంటే, ఒక వస్తువును కొంతకాలంపాటు తన అనుమతి లేకుండా ఇతరులు తయారు చేయకుండా, అమ్మకుండా ఆపగల హక్కు. అర్హత లేనిదానికి ఈ హక్కు ఇచ్చారనుకోండి. అందరికీ తెలిసిన పంపును చేసినందుకు పక్క పట్టణంలోని చిన్న కార్ఖానావాడు కోర్టు గుమ్మం యెక్కవలసి వస్తుంది. ఆ ఖర్చు చివరకు రైతు నెత్తినే పడుతుంది. అర్హత వున్నదానికి ఇవ్వలేదనుకోండి. రాత్రింబవళ్లు శ్రమపడి మంచి పనిముట్టు కనిపెట్టినవాడి కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఈ రెండు నష్టాలకూ నడుమ తక్కెడ పట్టుకొని కూర్చునేవాడు పేటెంటు పరీక్షాధికారి. ఆ తక్కెడ యెట్లా తయారైందో, ఒక పిచికారీ పంపును అందులో పెట్టి తూచినప్పుడు యేమి జరిగిందో ఈ వ్యాసంలో చెప్పుకుందాము.

ముందుగా పంపును విప్పి చూద్దాము. చేతి పిచికారీలో ముఖ్యమైన భాగాలు నాలుగే. ఒకటి గొట్టం. రెండు, ఆ గొట్టంలో బిగువుగా ఆడే పిస్టను. మూడు, నీరు ఒక్క దిక్కుకే పోయేటట్లు చేసే వాల్వులు. నాలుగు, సన్నని రంధ్రం గల నాజిలు. పిస్టనును లాగితే ఒక వాల్వు తెరుచుకొని మందునీరు లోపలికి వస్తుంది. నొక్కితే ఆ వాల్వు మూసుకొని రెండవది తెరుచుకుంటుంది. అప్పుడు నీరు వత్తిడికి నాజిలులోంచి తుంపరగా విచ్చుకుంటుంది. అంతే కిటుకు.

ఈ కిటుకు నిన్నమొన్నటిది కాదు. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో, ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియా నగరంలో టెసీబియస్ అనే శిల్పి రెండు గొట్టాలు, రెండు పిస్టన్లు, వాల్వులు గల పంపును చేశాడని ప్రాచీన గ్రంథాలు చెబుతున్నవి. అటువంటి పంపులతో ఆ కాలంవారు నిప్పు ఆర్పేవారు కూడా.

పంపు పాతదే గాని, దానిని పంటమీదికి తెచ్చిన చరిత్ర కొత్తది. ఫ్రాన్సు దేశంలో బోర్డో పట్టణం దగ్గర మెడాక్ అనే ద్రాక్షసీమ వున్నది. బాటసారులు పండ్లు కోసుకుపోకుండా అక్కడి రైతులు దారి పక్క తీగలమీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. 1882లో బూజు తెగులు వచ్చి తోటలన్నీ ఆకు రాల్చినవి. ఈ దారిపక్క తీగలు మాత్రం పచ్చగా నిలిచినవి. మిలార్డే అనే ఆచార్యుడు అది గమనించి, పరిశోధించి, 1885లో ప్రకటించాడు. మనమంతా యెరిగిన బోర్డో మిశ్రమం పుట్టుక యిదే. మొదట్లో దానిని బాల్చీలో కలిపి, చీపురుకట్ట ముంచి, తీగలమీద విదిలించేవారు. అట్లా చల్లితే సగం మందు నేలపాలు. తుంపరగా, సమంగా పడాలంటే యంత్రం కావలసి వచ్చింది.

ఇంచుమించు ఆ రోజులలోనే అమెరికాలో, కాలిఫోర్నియా పండ్లతోటలకు శాన్ హోజే పొలుసు పురుగు పట్టుకున్నది. అక్కడ జాన్ బీన్ అనే ఆయన 1883లో పురుగుమందు చల్లడానికి పిస్టను పంపు ఒకటి తయారుచేసి, ఒక కంపెనీ పెట్టాడు. ఎఫ్.ఎం.సి. పేరు మీరు వినివుంటారు. ఆ పెద్ద సంస్థకు మూలం ఈ పంపుల కంపెనీయే.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. పిస్టను పాతది. వాల్వు పాతది. గొట్టం పాతది. అన్నీ పాతవే అయినప్పుడు, పిచికారీ చేసినవాడు "ఇది నాది" అనడానికి యేమి మిగిలింది? ఎంత మార్పు చేస్తే అది కొత్తది అవుతుంది?

ఈ ప్రశ్నతో తొలినాళ్లలోనే తల పట్టుకున్నవాడు అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్. అక్కడి తొలి పేటెంటు చట్టం 1790లో వచ్చింది. దరఖాస్తులను పరీక్షించే బాధ్యత విదేశాంగ మంత్రికి, యుద్ధ మంత్రికి, అటార్నీ జనరలుకు అప్పగించారు. విదేశాంగ మంత్రిగా వున్న జెఫర్సన్ ఆ విధంగా పరీక్షకుడు అయినాడు. కాని రాజ్యభారం మోసే మంత్రులకు పంపులు, చక్రాలు విప్పి చూడటానికి తీరిక యేదీ? 1793లో చట్టం మార్చారు. పరీక్ష తీసివేసి, దరఖాస్తును ఊరికే నమోదు చేసుకొనే పద్ధతి పెట్టారు. ఎవరు యేది వ్రాసి యిస్తే దానికి పేటెంటు. నిజానిజాలు తరువాత కోర్టులో తేల్చుకోవలె. పాత సరుకుకు కొత్త కాగితం పుట్టడానికి దారి తెరిచినట్లే గదా!

ఆ కాలపు తగాదా ఒకటి మన రైతులకు బాగా అర్థమవుతుంది. ఆలివర్ ఎవాన్సు అనే ఆయన పిండిమరలో ధాన్యాన్ని, పిండిని చిన్న చిన్న బొక్కెనల గొలుసుతో పైకి యెత్తే యేర్పాటు చేసి పేటెంటు పొందాడు. తన పద్ధతి వాడిన మరల యజమానులను సొమ్ము కట్టమన్నాడు. దీనిపై అభిప్రాయం అడిగిన ఒక పెద్దమనిషికి జెఫర్సన్ 1813లో పెద్ద ఉత్తరం వ్రాశాడు. బొక్కెనల గొలుసు అనేది తూర్పుదేశాలవారు బావిలోంచి నీరు తోడే పర్షియన్ చక్రమేననీ, నీటికి బదులు ధాన్యం యెత్తినంత మాత్రాన అది కొత్తది కాబోదనీ ఆ ఉత్తరంలోని వాదం. మోటలు, ఏతాలు, బొక్కెనల చక్రాలు యెరిగిన మనకు ఈ తర్కం వేరే చెప్పనక్కరలేదు. ఒకే పనిముట్టును వేరే సరుకుకు వాడినంతలో పనిముట్టు మారుతుందా?

1836లో కొత్త చట్టం వచ్చి, అమెరికాలో పరీక్ష మళ్లీ మొదలైంది. ఈసారి మంత్రులు కాదు, ఆ పనికే నియమించిన పరీక్షాధికారులు. దరఖాస్తు రాగానే పాత పేటెంట్లు, పుస్తకాలు వెదికి, కొత్తదేదో పాతదేదో వేరుచేయడం వారి పని. 1851లో సుప్రీంకోర్టు ఇంకొక మెట్టు కట్టింది. తలుపు పిడిని కొయ్యతోనో లోహంతోనో చేసేచోట మట్టితో, పింగాణీతో చేశానని ఒకరు పేటెంటు పొందారు. అది మంచి పనివాడి నేర్పేగాని కల్పన కాదని కోర్టు తేల్చింది. అంటే వస్తువు కొత్తదైతే చాలదు. పనితెలిసినవాడి మామూలు నేర్పుకు మించినది యేదో వుండవలెనన్నమాట. 1952 చట్టంలో ఈ సూత్రాన్నే విడమరచి వ్రాశారు.

ఆ సూత్రం కింద మన పిచికారీ పంపు కథ నడిచింది. ఈ పంపు వీపున తగిలించుకొనేది కాదు. పురుగుమందు సీసా మూతికి బిగించి, వేలితో నొక్కితే తుంపర చిమ్మే చిన్న పంపు. చిన్నదైనా లోపల అదే పిస్టను, అవే వాల్వులు. నొక్కిన పిస్టనును మళ్లీ పైకి తెచ్చేది స్ప్రింగు.

కుక్ కెమికల్ అనే అమెరికా కంపెనీ పురుగుమందులు అమ్మేది. పంపును సీసాకు ముందే బిగించి పంపితే కొనేవాడికి హాయి. కాని బండ్లమీద, లారీలమీద పోయేటప్పుడు పంపు విరగకూడదు, మందు కారకూడదు. పురుగుమందు వంటి ద్రవం సందు దొరికితే చాలు, జారి బయటికి వస్తుంది. కారిన మందు చేటు యెటువంటిదో మీకు తెలియనిది కాదు. ఆ కంపెనీ అధికారి స్కాగిన్ అనే ఆయన ఒక యేర్పాటు చేశాడు. పిస్టనును క్రిందికి నొక్కి పెట్టి, దానిపై గట్టి మూత బిగిస్తాడు. ఆ మూతలోపల వుంగరంవలె ఒక చిన్న గట్టు వుంటుంది. మూత బిగించినప్పుడు ఆ గట్టు క్రింది భాగంమీద ఒత్తుకొని, మందు కారకుండా అడ్డు వేస్తుంది. వేరే వాషరు అక్కరలేదు.

ఇక పరీక్ష సంగతి చూడండి. దరఖాస్తులో క్లెయిములు అని కొన్ని వాక్యాలు వుంటవి. "ఇంతమేరకు నాది" అని హద్దు గీసే వాక్యాలన్నమాట. పొలానికి సరిహద్దు రాళ్ల వంటివి. స్కాగిన్ మొదట హద్దులు విశాలంగానే గీసుకున్నాడు. పంపు, నొక్కిపెట్టే మూత, సీలు, అంతా కలిపి తనదన్నాడు. పరీక్షాధికారి పాత పేటెంట్లు తీశాడు. లోజ్ అనే ఆయన 1938లోనే పేటెంటు పొందిన పంపు వున్నది. మెలన్ అనే ఆయనది మరొకటి వున్నది. ఆ పాతవాటిని చూపి అధికారి క్లెయిములను తోసిపుచ్చాడు. అప్పుడు స్కాగిన్ పక్షం హద్దులు లోపలికి జరుపుకున్నది. గట్టుతో చేసిన సీలు, మూత అంచుకూ క్రింది మూతకూ మధ్య వదిలిన చిన్న సందు, ఇటువంటి వివరాలకే హక్కును కుదించుకున్నది. ఆ షరతుమీద 1959లో పేటెంటు వచ్చింది.

తరువాత పోటీ పంపు తయారుచేసే కాల్మార్ కంపెనీతో వ్యాజ్యం నడిచింది. కింది కోర్టు, పై కోర్టు రెండూ పేటెంటు చెల్లుతుందన్నవి. వివాదం సుప్రీంకోర్టుకు పోయింది. 1966 ఫిబ్రవరి 21న న్యాయమూర్తి టామ్ క్లార్కు తీర్పు చదివాడు. పేటెంటు చెల్లదు!

కారణాలు వినండి. పరీక్ష సమయంలో వదులుకున్న హద్దులను కోర్టులో మళ్లీ అడగటానికి వీలులేదు. సర్వే నాడు "ఆ చెక్క నాది కాదు" అని సంతకం పెట్టి, పట్టా చేతికి వచ్చిన తరువాత ఆ చెక్కలో నాగలి పెడతానంటే ఒప్పుకుంటారా? మిగిలింది గట్టు, సీలు, సందు. ఇవి చాల చిన్న తేడాలనీ, పోసే సీసాల మూతులకు లివింగ్‌స్టన్ అనే ఆయన చేసిన సీలువల్ల 1953 నాటికే ఈ కిటుకు తెలిసివచ్చేదనీ కోర్టు అన్నది. "పంపుకు వాడిన సీలు వేరు, సీసా మూతికి వాడింది వేరు" అన్న వాదన నిలువలేదు. సమస్య ద్రవం కారటం. కారకుండా మూయడం యెట్లాగో వెదికేవాడు సీసా మూతులవైపు చూడడా అన్నది కోర్టు ఆలోచన. ఎన్నో యేండ్లు యెవరికీ చేతకాని పని తాము చేశామని కంపెనీవారు మొరపెట్టుకున్నారు. దానికి కోర్టు, పేటెంటు కార్యాలయంలో దాచివున్న పాత కాగితాలు వెదికివుంటే ఆ జ్ఞానం యెవరికైనా దొరికేదే గదా అన్నది.

ఆ తీర్పులో ఈ పంపుకు జతగా వచ్చిన రెండవ వస్తువు కూడా రైతుదే. రాతినేలల్లో దున్నే ఉలినాగలి. రాయి తగిలితే విరగకుండా కొయ్యను స్ప్రింగుతో పట్టివుంచే బిగింపుకు గ్రాహం అనే ఆయన పేటెంటు పొందాడు. తన పాత అమరికలో పైన వుండే భాగాన్ని కొత్త అమరికలో క్రిందికి మార్చాడు. జాన్ డీర్ కంపెనీతో వచ్చిన వ్యాజ్యంలో, పైది క్రిందికి మార్చటం పని తెలిసినవాడికి తోచే మార్పేనని కోర్టు తేల్చింది. ఆ పేటెంటు కూడా పోయింది.

పాత భాగాలు కలిపితే యెప్పుడూ పేటెంటు రాదని మాత్రం అనుకోవద్దు సుమా. అదే రోజున అదే కోర్టు ఆడమ్స్ అనే ఆయన బ్యాటరీ పేటెంటును నిలబెట్టింది. మెగ్నీషియం, ఒక రాగి లవణం, నీరు, వీటితో పనిచేసే బ్యాటరీ అది. భాగాలు తెలిసినవే. అయితే అట్లా కలిపితే పనికిరాదని ఆనాటి నిపుణులే అనుకున్నారు. ఆయన కలిపి చూపించాడు. తేడా యెక్కడుందో గమనించారా? ఒకచోట ఎవరికైనా తోచేది చేశారు. ఇంకొకచోట నిపుణులే కాదన్నది చేశారు.

ఆ తీర్పు తూకానికి మూడు రాళ్లు ఇచ్చింది. ఒకటి, పాతది యేమి వున్నది? రెండు, దానికీ దీనికీ తేడా యేమిటి? మూడు, ఈ పనిలో మామూలు నేర్పు గలవాడి స్థాయి యెంత? ఈ మూడూ చూసి, ఆ తేడా అటువంటివాడికి తోచేదేనా అని తేల్చాలి. పనికిరాని దరఖాస్తులను యేరివేసే మొదటి బాధ్యత పేటెంటు కార్యాలయానిదేనని కూడా తీర్పు గట్టిగా చెప్పింది. ఆనాడు అక్కడ యేటా సుమారు 1,00,000 దరఖాస్తులు వచ్చేవి. తేలకుండా నిలిచిపోయినవే 2,00,000కు పైగా వుండేవి. అంత రద్దీలో తాలు యేరడం సులువు కాదు. కాని కల్లంలో తూర్పారబట్టకుండా గాదెలో పోస్తే, తరువాత యేరేదెవరు?

మన దేశానికి వద్దాము. పేటెంట్ల చట్టం మనకు 1856లో మొదలైంది. ఆ యేడే కలకత్తాలో డిపెనింగ్ అనే ఆయన పంకా లాగే యంత్రానికి దరఖాస్తు పెట్టాడు. 1911లో పేటెంట్ల, డిజైన్ల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970 చట్టం తయారై, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలుకు వచ్చింది. 1978లో మన సుప్రీంకోర్టు ముందుకు లోహపు పాత్రలను తిప్పి చెక్కేటప్పుడు బిగించి పట్టివుంచే పరికరం ఒకటి వచ్చింది. కార్ఖానాలో జరిగే మామూలు సవరణ పేటెంటుకు చాలదనీ, అంతకు మించిన కల్పన వుండవలెననీ చెప్పి కోర్టు ఆ పేటెంటును రద్దు చేసింది. దేశాలు వేరైనా తూకపు రాయి ఒక్కటే.

మన 1970 చట్టంలో 3వ సెక్షను ప్రతి విస్తరణ కార్యకర్త తెలుసుకోవలసినది. తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చి, దేనిపని అది చేసుకుంటూ వుంటే, ఆ పేర్పుకు పేటెంటు లేదు. వ్యవసాయ పద్ధతికి, తోట పద్ధతికి పేటెంటు లేదు. అంటే, వరుసల మధ్య దూరం మార్చి నాటే పద్ధతినో, మందు చల్లే వేళనో యెవరూ తనదని కంచె వేసుకోలేరు. పనిముట్టుకు రావచ్చును గాని సేద్యానికి రాదన్నమాట.

పొలం గట్లమీద తిరిగే ఉద్యోగిగా నేను చూస్తూనే వుంటాను. ఒకరు పత్తిచేనులో ఆకు అడుగు తడవాలని లాన్సు గొట్టం వంచుతారు. ఒకరు రెండు నాజిళ్లు ఒకే గొట్టానికి బిగిస్తారు. ఒక కమ్మరి తోలు వాషరుకు బదులు వేరేది వేసి పంపు బిగువు పెంచుతాడు. వీటిలో చాలావరకు పనితెలిసినవాడి నేర్పే. అది నలుగురికీ చెందుతుంది, చెందాలి కూడా. కాని నూటికో కోటికో ఒకటి నిజమైన కల్పన అయివుండవచ్చు. అందుకని కొన్ని మాటలు గుర్తుంచుకోండి.

దుకాణంలో "పేటెంటు" అనగానే తలవంచి సొమ్ము ఇవ్వకండి. నెంబరు అడగండి. మంజూరైన పేటెంట్లన్నీ బహిరంగ పత్రాలే. పేటెంటు కార్యాలయంవారి వెబ్‌సైటులో పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. దరఖాస్తు వేసిన నాటినుంచి పేటెంటు గడువు 20 సంవత్సరాలు. మధ్యలో రుసుము కట్టకపోతే అంతకు ముందే పోతుంది. గడువు తీరిన తరువాత ఆ వస్తువు అందరి సొత్తు. వేరే దేశంలో మాత్రమే వున్న పేటెంటు మన దేశంలో చెల్లదు. లేని పేటెంటు వున్నదని చెప్పి అమ్మటం చట్టవిరుద్ధం.

మీరుగాని, మీ వూరి పనివాడుగాని నిజంగా కొత్త పనిముట్టు చేస్తే, ముందుగా సంతలో, ప్రదర్శనలో, పత్రికలో బయటపెట్టకండి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, దరఖాస్తుకు ముందే లోకానికి చూపినది కొత్తది కింద లెక్కకు రాదు. బొమ్మ గీసి, తేదీ వేసి, పనిచేసే తీరు వివరంగా వ్రాసిపెట్టండి. పని పూర్తికాకపోయినా తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేయవచ్చు. పూర్తి వివరణ 12 నెలలలోగా ఇవ్వాలి. మన తెలుగు ప్రాంతాలకు చెన్నైలోని పేటెంటు కార్యాలయం వర్తిస్తుంది. పనితీరు కాక కేవలం ఆకారం మాత్రమే కొత్తదైతే, దానికి 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం వేరే వున్నది.

ఇంకొక హక్కు కూడా మీకు వున్నది. మీ ప్రాంతంలో అందరూ యేండ్ల తరబడి వాడుతున్న పనిముట్టుకు యెవరైనా పేటెంటు అడిగినట్లు తెలిస్తే, మంజూరుకు ముందు యెవరైనా సరే ఆక్షేపణ తెలుపవచ్చును. పరీక్షాధికారి కాగితంమీద వున్నదే చూడగలడు. మీ వూరి కొట్టంలో మూలన పడివున్న పాత పంపు ఆయన కంటికి ఆనదు. దాని రుజువు తెచ్చి ముందు పెట్టవలసినది దాన్ని యెరిగినవారే. అందుకని విస్తరణ కార్యకర్తలు తమ పరిధిలో వాడుకలో వున్న పనిముట్లను, వాటికి రైతులు చేసుకున్న సవరణలను బొమ్మలతో, తేదీలతో ఒక పుస్తకంలో వ్రాసివుంచటం మంచిది. ఆ పుస్తకం ఒకనాడు నిజమైన కల్పన చేసినవాడికి సాక్ష్యం అవుతుంది. మరొకనాడు అందరి సొత్తును ఒక్కడే పట్టుకుపోకుండా కాపలా కాస్తుంది.